చిన్న మాటకు ఇన్ని అర్థాలెందుకు?

ఇంగ్లీషు చదవడం మొదలుపెట్టిన పిల్లలకు తొలి నెలల్లోనే ఎదురయ్యే మాటల్లో ‘రన్’ ఒకటి. ఇంగ్లీషులో మూడే అక్షరాలు. రన్ అంటే పరుగెత్తు అని నోట్సులో రాసుకుని, ఆ మాట వచ్చేసిందనుకుని తర్వాతి మాటకు వెళ్ళిపోతారు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మూడో కూర్పు కోసం అదే మాటను తిరగరాయడానికి పీటర్ గిలివర్ అనే సంపాదకుడికి సుమారు తొమ్మిది నెలలు పట్టింది. 2011లో బయటికొచ్చిన లెక్క ప్రకారం ఒక్క క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. నామవాచకంగా వచ్చే అర్థాలు ఈ లెక్కలో లేవు. అంతకు ముందు ఆ పెద్దరికం ‘సెట్’ అనే మరో చిన్న మాటది. 1989లో వచ్చిన రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన వివరణ దానిదే, అర్థాలు 430. ఇలాంటి అంకెలు విన్నప్పుడు అబ్బురపడి ఊరుకోవడమో, ఇంగ్లీషు ఒక పద్ధతి లేని భాష అని తీర్మానించడమో జరుగుతుంటుంది. రెండూ సరి కాదని నా అభిప్రాయం. ఆ అర్థాల వెనుక ఒక క్రమం ఉంది. ఆ క్రమాన్ని గమనిస్తే, పర్యాయపదం అన్నది ఒక మాటకు ఉండదనీ, ఆ మాట ఒక వాక్యంలో చేసే పనికి మాత్రమే ఉంటుందనీ తెలుస్తుంది. మన పాఠాలు, పోటీ పరీక్షల గైడ్లు ఈ సంగతిని పక్కన పెట్టి పిల్లల చేత జాబితాలు వల్లె వేయిస్తున్నాయి. అందుకే ఈ విషయం కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి.

ముందు ఆ మాట ఎక్కడెక్కడ తిరుగుతుందో చూద్దాం. ఇంగ్లీషులో మనిషి రన్ చేస్తాడు, నది రన్ అవుతుంది, జలుబు చేసినవాడి ముక్కు రన్ అవుతుంది. తెలుగులో మనిషి పరుగెత్తుతాడు, నది పారుతుంది, ముక్కు కారుతుంది. ఇంగ్లీషులో బస్సు, హోటలు, ప్రభుత్వం అన్నిటికీ రన్ సరిపోతుంది. మనకు బస్సు నడుస్తుంది, హోటల్ని, ప్రభుత్వాన్ని ఎవరో నడుపుతారు. సినిమా వంద రోజులు వాళ్ళకు రన్ అయితే మనకు ఆడుతుంది. ఉతికినప్పుడు చీర రంగు వాళ్ళకు రన్ అయితే మనకు దిగుతుంది. రోడ్డు చెరువు గట్టు వెంబడి పోతుంది, ఒప్పందం మూడేళ్ళు అమల్లో ఉంటుంది, పత్రిక ఒక వార్త వేస్తుంది, ఒక జబ్బు వంశంలో వస్తుంది. వీటన్నిటికీ ఇంగ్లీషువాళ్ళకు ఆ ఒక్క మాటే సరిపోతుంది. డిపాజిటర్లు భయపడి ఒక్కసారిగా బ్యాంకు మీద ఎగబడితే అదీ రన్నే. ఎన్నికల దగ్గరికి వస్తే ఇంగ్లీషులోనే ఇల్లు రెండుగా చీలింది. అమెరికాలో అభ్యర్థి రన్ చేస్తాడు, బ్రిటన్‌లో స్టాండ్ అవుతాడు, అంటే నిలబడతాడు. ఎన్నికలకు నిలబడడం అనే వాడుక మనకూ ఉంది కాబట్టి, అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళకు ఈ తేడా చప్పున తెలుస్తుంది. ఒకే పోటీని ఒక దేశం పరుగుగా చూసింది, మరొక దేశం నిలకడగా చూసింది. రెంటిలోనూ తప్పు లేదు.

ఇన్ని పనులకు ఒకే మాట ఎలా కుదిరింది? పరుగెత్తడమే అసలు అర్థమనీ, తక్కినవన్నీ అలంకారంగా వచ్చి చేరాయనీ అనుకుంటే దారి తప్పుతాం. పాత ఇంగ్లీషులో ఈ మాటకు మూలమైన రూపాలకు పరుగెత్తడం, పారడం రెండూ అర్థాలే. దాయాది భాష జర్మన్‌లో ఆ రెండు పనులకూ ఈనాటికీ రెండు జంట మాటలున్నాయి: ‘రెన్నెన్’ అంటే పరుగెత్తు, ‘రిన్నెన్’ అంటే పారు, కారు. కాబట్టి నది రన్ కావడం కవి కల్పన కాదు, మనిషి పరుగంత పాతది. కాళ్ళను పక్కన పెట్టి, అడ్డు లేకుండా ఆగకుండా సాగే కదలికను నడుమ పెట్టి చూడండి. నది, ముక్కు, చీర రంగు, చెరువు గట్టు మీది రోడ్డు, మూడేళ్ళ ఒప్పందం అన్నీ ఒక వరసలోకి వస్తాయి. తర్వాత యంత్రాల కాలం వచ్చింది. మిల్లు, రైలు, అచ్చుయంత్రం ఒకసారి మొదలుపెడితే వాటంతట అవి సాగిపోయేవి. అలా సాగిపోయేదానికి చేతిలో సిద్ధంగా ఉన్న క్రియ రన్. యంత్రం సాగిపోతే అకర్మకం, యంత్రాన్ని సాగించే మనిషికి అదే సకర్మకం. మిల్లును సాగించేవాడు కంపెనీనీ సాగిస్తాడు. కంప్యూటర్ వచ్చాక ప్రోగ్రాము కూడా రన్ కావడం ఆ వరసలో మరో మెట్టు. ఒక్కొక్క అర్థానికీ పక్కనే దాన్ని కన్న అర్థం కనబడుతుంది. మొదటిదాన్నీ చివరిదాన్నీ మాత్రమే పక్కపక్కన పెడితే చుట్టరికం తెలియదు.

1755లో తన నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్‌కు ఈ చిన్న క్రియలు చాలా శ్రమ తెచ్చిపెట్టాయి. వాటి అర్థం వదులుగా, విశాలంగా ఉందనీ, మొదటి భావం నుంచి చాలా దూరం జరిగిపోయిందనీ ఆయన తన పీఠికలో వాపోయాడు. గెట్, గివ్, పుట్, సెట్, గో, రన్, మేక్, టేక్ వంటివి ఆయన అక్కడ పేర్కొన్నవాటిలో ఉన్నాయి. అవన్నీ ఇంగ్లీషువాళ్ళు రోజూ నోట పలికే మాటలే, ఏ పండితుడి గ్రంథంలోంచీ తీసినవి కావు. దాదాపు రెండు శతాబ్దాల తర్వాత 1945లో జార్జ్ కింగ్స్‌లీ జిఫ్ అనే అమెరికన్ పండితుడు దీన్ని లెక్కలో చూపాడు. మాట ఎంత తరచుగా వాడుకలో ఉంటే దానికి అన్ని ఎక్కువ అర్థాలుంటాయి. సుమారుగా చెప్పాలంటే, వంద రెట్లు ఎక్కువగా వినబడే మాటకు పది రెట్లు అర్థాలుంటాయని ఆయన సూత్రం. కారణం ఊహించడం కష్టం కాదు. కొత్త వస్తువో కొత్త పనో వచ్చినప్పుడు జనం నిఘంటువు దగ్గరికి వెళ్ళరు. నాలుక మీద ఉన్న మాటనే కొత్త పనికి పురమాయిస్తారు. అప్పటికే ఎక్కువ తిరుగుతున్న మాటకే ఎక్కువ పని దొరుకుతుంది, దాంతో అది మరింత తిరుగుతుంది.

చిన్న మాటలు సులువైనవన్న నమ్మకానికి ఇక్కడే గట్టి ఎదురుదెబ్బ తగులుతుంది. 1930లో బ్రిటన్‌కు చెందిన సి. కె. ఆగ్డెన్ ప్రపంచమంతా తేలికగా నేర్చుకోగలిగిన ఇంగ్లీషు అంటూ ‘బేసిక్ ఇంగ్లిష్’ తయారుచేశాడు. మొత్తం 850 మాటలు, అందులో క్రియలు 18 మాత్రమే. సదుద్దేశంతో చేసిన పెద్ద ప్రయత్నం అది. కానీ మాటలు తగ్గినంత మాత్రాన చెప్పవలసిన విషయాలు తగ్గవు కదా. సహించడానికి ‘టాలరేట్’ అనే మాట తీసేస్తే ‘పుట్ అప్ విత్’ అని మూడు మాటలు కలపాలి. పుట్ అంటే పెట్టు, అప్ అంటే పైకి, విత్ అంటే తో అని తెలిసిన తెలుగు విద్యార్థి ఆ మూడూ కలిపితే సహించడం అవుతుందని ఎలా ఊహిస్తాడు? టాలరేట్ అయితే ఒకసారి నేర్చుకుంటే సరిపోయేది. జాబితా పొట్టిదైంది గానీ బరువంతా మిగిలిన మాటల మీద పడింది.

ఇదంతా ఇంగ్లీషుకే పట్టిన తెగులని ఎవరైనా అంటే, మన ‘ఆడు’ను గుర్తుచేయాలి. పిల్లలు ఆడతారు, సినిమా ఆడుతుంది, గానుగ ఆడుతుంది, మరలో పిండి ఆడిస్తాం. ఉక్కపోస్తే ఊపిరి ఆడదు, కంగారుపడితే చేతులు ఆడవు, నెలాఖరుకు చేతిలో డబ్బు ఆడదు. ఒకడు అబద్ధమాడతాడు, ఇంకొకడు తల ఆడిస్తాడు. వేటాడడం, పోట్లాడడం, పెళ్ళాడడం, కొనియాడడం సరేసరి. కోస్తా ఊళ్ళలో కోడలు నీళ్ళాడిందంటే ప్రసవించిందని అర్థం. ఇన్ని చోట్ల ఈ మాటను పొరపాటు లేకుండా వాడే తెలుగువాడు దానికి ఎన్ని అర్థాలున్నాయని ఏనాడూ లెక్కపెట్టుకోలేదు, ఏ జాబితా చదివీ నేర్చుకోలేదు. ఊపిరితో ఒకలా, డబ్బుతో ఒకలా, గానుగతో ఒకలా విన్నాడు, విన్నట్టే వాడాడు. తెలుగు నేర్చుకునే పరాయివాడికి ఆడు అంటే క్రీడించు, రుబ్బు, వివాహం చేసుకో, ప్రసవించు అని ఒక పట్టీ రాసిస్తే అతని గతి ఏమిటో ఆలోచిస్తే, రన్ విషయంలో మన పిల్లలకు మనం చేస్తున్నదేమిటో అర్థమవుతుంది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. 645 అన్న అంకె నిజంగా భాషలో ఉందా, నిఘంటుకారులు తవ్వి తీసిందా? ఇదే రన్‌కు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో తయారైన ‘వర్డ్‌నెట్’ అనే కంప్యూటర్ నిఘంటువు క్రియగా 41 అర్థాలే ఇచ్చింది. ఎవరి లెక్క నిజం? రెండూ నిజమేనని నేనంటాను. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వెయ్యేళ్ళ వాడుకను, చచ్చిపోయిన అర్థాలతో సహా, నమోదు చేసే చరిత్ర. నదికీ ముక్కుకూ కలిపి ఒక అర్థమనాలా, రెండనాలా అన్నది సంపాదకుడి నిర్ణయం. దీన్ని బట్టి మరో సంగతి తేలుతుంది. అర్థాలు మాట లోపల గింజల్లా విడివిడిగా ఉంటే ఎవరు లెక్కపెట్టినా ఒకే సంఖ్య రావాలి. రావడం లేదంటే అవి మాట లోపల లేవు, వాడుక పొడవునా పరుచుకుని ఉన్నాయి. ఎక్కడ గీత గీస్తే అక్కడ ఒక అర్థం. వర్డ్‌నెట్ కట్టినవాళ్ళు కూడా తమ నిఘంటువుకు మాటను పునాదిగా తీసుకోలేదు. ఒక భావానికి సరిపడే పర్యాయపదాలను ఒక గుంపుగా చేశారు, ఆ గుంపే వారి ప్రమాణం. రన్ అనే మాట అలాంటి గుంపులు ఎన్నిటిలోనో విడివిడిగా కనబడుతుంది.

మరి ఒకే మాటకు ఇన్ని అర్థాలుంటే వినేవాడు పొరబడడా అన్నది రెండో ప్రశ్న. ఈ ప్రశ్నకు మన దేశంలో చాలా పాత సమాధానం ఉంది. సంస్కృతంలో సైంధవం అంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనం చేస్తున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి సిద్ధమైనవాడు తెమ్మంటే గుర్రం తేవాలి. ఏ సందర్భంలో ఏ అర్థమో తేల్చే ఆధారాలను వ్యాకరణ పండితుడు భర్తృహరి ‘వాక్యపదీయం’లో వరసగా చెప్పాడు. సంయోగం, వియోగం, సాహచర్యం, విరోధం, ప్రకరణం, మరో శబ్దం దగ్గరగా ఉండడం, ఔచిత్యం, దేశం, కాలం వాటిలో కొన్ని. హరి అనే మాటకు విష్ణువు, సింహం, కోతి, కప్ప లాంటి అర్థాలు ఎన్నో ఉన్నా, పక్కన శంఖచక్రాలు కనిపిస్తే సందేహానికి తావుండదు. గత శతాబ్దంలో లండన్‌లో జె. ఆర్. ఫర్త్ అనే భాషాశాస్త్రవేత్త, మాట సంగతి దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని బోధించాడు. ఆయన అంతకు ముందు లాహోరులో ఇంగ్లీషు ఆచార్యుడిగా పనిచేశాడు, తెలుగు ధ్వనులనూ పరిశీలించాడు. సావాసం ఒక్కటే చాలదని 1960లో బార్-హిల్లెల్ అనే తార్కికుడు ఒక చిన్న ఉదాహరణతో చూపించాడు. ‘పెట్టె పెన్‌లో ఉంది’ అనే ఇంగ్లీషు వాక్యంలో పెన్ అంటే రాసుకునే కలం కాదు, చిన్నపిల్లలు ఆడుకోవడానికి చుట్టూ కట్టే దడి. ఆ సంగతి ఏ పక్క మాటా చెప్పదు. పెట్టె కలంలో పట్టదని మనకు తెలుసు కాబట్టి అర్థమవుతుంది. యంత్రానికి ఈ తెలివి ఎలా వస్తుందన్నది ఆయన అడిగిన ప్రశ్న. మనుషుల విషయంలో మాత్రం మాటకు అర్థమిచ్చేది వాక్యం, ఆ వాక్యం వెనుక ఉన్న లోకజ్ఞానం. భర్తృహరి దేశకాలాలనూ ఔచిత్యాన్నీ తన పట్టికలో చేర్చింది ఇందుకే.

ఇక పర్యాయపదాల సంగతి. ఇంగ్లీషులో అడగడానికి ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్ అని మూడున్నాయి. మొదటిది పాత ఇంగ్లీషు మాట. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక రాజ్యంలో చలామణీ అయిన ఫ్రెంచి వల్ల వచ్చింది రెండోది. మూడోది లాటిన్ చదువుల ద్వారా వచ్చింది. మనకూ ఇలాంటి పొరలున్నాయి. పిల్లవాడు అమ్మను అడుగుతాడు, ప్రతిపక్షం ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తుంది, పోలీసులు నిందితుణ్ణి విచారిస్తారు, పెళ్ళి సంబంధం గురించి నలుగురి దగ్గరా వాకబు చేస్తారు. ఈ నాలుగూ పర్యాయపదాలేనని ఏ పుస్తకంలోనైనా రాయవచ్చు. పిల్లవాడు అమ్మను విచారించాడంటే మాత్రం ఇల్లు పోలీసుస్టేషన్ అయిపోతుంది. అర్థం దగ్గరగా ఉన్నా ఒక్కొక్క మాటకూ తన హోదా, తన చోటు, తన వెంట వచ్చే మనుషులు ఉన్నారు. అచ్చంగా ఒకటే అర్థం, ఒకటే హోదా, ఒకటే చోటు ఉన్న రెండు మాటలు భాషలో ఎక్కువ కాలం పక్కపక్కన నిలవవు. ఒకటి వాడుక తప్పుతుంది, లేదా వేరే పనికి మళ్ళుతుంది. ఇంగ్లీషు పర్యాయపదాల కోశాలకు పెద్దదిక్కయిన ‘థిసారస్’ను 1852లో వెలువరించిన పీటర్ మార్క్ రోజే వృత్తిరీత్యా వైద్యుడు. ఆయన మాటలను అకారాదిగా పేర్చి వాటి కింద పర్యాయపదాలు ఇవ్వలేదు. లోకంలోని భావాలను సుమారు వెయ్యి శీర్షికలుగా విభజించి, ఒక్కొక్క భావం కింద మాటలు చేర్చాడు. చెప్పదలచిన భావం ముందే తెలిసినవాడికి తగిన మాట వెతికిపెట్టడం ఆయన ఉద్దేశం. నేటి గైడ్లు ఆ పుస్తకాన్ని తలకిందులు చేశాయి. మాట పక్కన నాలుగు మాటలు పెట్టి, భావాన్నీ వాక్యాన్నీ తీసేశాయి. రన్ పక్కన స్ప్రింట్, ఫ్లో, మేనేజ్, ఆపరేట్ అని రాసి ఉంటుంది. ఆ వరస నేర్చిన విద్యార్థి నది మేనేజ్ అవుతోందని రాసినా తప్పు అతనిది కాదు.

మన పూర్వులు సంస్కృత నిఘంటువు అమరకోశం కంఠస్థం చేయలేదా, దాంతోనే పండితులు కాలేదా అని పెద్దలు అడగవచ్చు. ఈ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను, ఎందుకంటే వల్లెవేయడం వల్ల మాటలు నోటికి దగ్గరవుతాయన్నది నిజం. కానీ దాన్ని కూర్చిన అమరసింహుడు ఏం చేశాడో చూడాలి. స్వర్గం, భూమి, నీరు, అడవి, మనుషులు అంటూ విషయాల వారీగా వర్గాలు చేసి, ఒక్కొక్క వస్తువుకు ఎన్ని పేర్లో అక్కడ చెప్పాడు. ఒకే మాటకు అనేకార్థాలున్నవాటిని మూడో కాండలో నానార్థ వర్గమని విడిగా పెట్టాడు. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహం’ కూడా ఇదే దారిన నడిచి నానార్థాలకు వేరే వర్గు కేటాయించింది. వస్తువుకున్న పేర్లు వేరు, మాటకున్న అర్థాలు వేరు అన్న వివేకం ఈ అమరికలోనే ఉంది. పైగా అమరంతో చదువు ముగిసేది కాదు. వెంటనే రఘువంశం లాంటి కావ్యం చేతికిచ్చేవారు, నేర్చిన మాట శ్లోకంలో ఏ పని చేస్తుందో గురువు విప్పి చెప్పేవాడు. గైడు చదివినవాడికి ఆ రెండో మెట్టు లేదు.

పరభాష నుంచి మాటను తెచ్చుకునేటప్పుడు మన జనం ప్రవర్తన గమనిస్తే ఈ వాదనకు మరో బలం దొరుకుతుంది. రన్ తెలుగులోకి వచ్చింది, 645 అర్థాలతో రాలేదు. ప్రోగ్రాము రన్ అవుతోంది అంటాం, కొత్త రైలుకు ట్రయల్ రన్ అంటాం, పాత బండి రన్నింగ్ కండిషన్లో ఉందంటాం. ముక్కు రన్ అవుతోందని ఎవరూ అనరు, అక్కడ కారడం ఉంది కాబట్టి. సెట్ సంగతీ అంతే. పొలంలో పంపుసెట్టు, స్టూడియోలో సినిమా సెట్టు, హోటల్లో సెట్ దోశ, సంబంధం సెట్టయింది, ఈ ఉద్యోగం నాకు సెట్ కాదు. చివరి వాడుక వింటే ఇంగ్లీషువాడు తెల్లబోతాడు, అది మన గడ్డ మీద పుట్టింది. క్రికెట్‌లో మరింత చక్కని సంగతి జరిగింది. రన్‌ను మనం పరుగు అని తెలుగు చేశాం. బంతి బౌండరీ దాటితే బ్యాటర్లు పరుగెత్తకపోయినా నాలుగు పరుగులు వస్తాయి. పరుగు అనే పాత తెలుగు మాట ఆ విధంగా ఒక లెక్కగా మారింది. ఆ అర్థం ఇంగ్లీషు ఆట నుంచి మన మాటలోకి వచ్చి స్థిరపడింది, ఏ శ్రోతకూ అది వింతగా లేదు.

జాబితాలు పరీక్షలకు తప్పవు, లక్షల మంది రాసే పరీక్షలో ఇంకెలా అడుగుతారని ఉపాధ్యాయులు అంటారు. వారి ఇబ్బంది నిజమైనదే. అయితే రన్‌కు పర్యాయపదం ఏది అన్న ప్రశ్నకు సరైన జవాబే లేదు. ఫలానా ఆమె ముప్ఫై ఏళ్ళుగా ఆ బడిని రన్ చేస్తోంది అని వాక్యమిచ్చి, గీత గీసిన మాటకు బదులు ఏది పెట్టవచ్చని అడిగితే ఉంది. నాలుగు ఎంపికలూ, యంత్రంతో దిద్దే పద్ధతీ ఏమీ మారనక్కరలేదు, అదనంగా పట్టేది ఒక వాక్యమంత చోటు. ఇంగ్లీషు పరీక్షల్లో ఇలాంటి ప్రశ్నలు కొన్ని ఇప్పటికే ఇస్తున్నారు. బడి పరీక్షల్లో అవే ఎక్కువ కావాలి. తరగతి గదిలోనైతే తెలుగు మాటతో మొదలుపెట్టడం మేలు. ఆడు, పడు, కట్టు అనే క్రియలను పిల్లల చేతే వాక్యాల్లో చెప్పించి, ఆ తర్వాత గెట్, టేక్, రన్ దగ్గరికి తీసుకెళ్తే, ఒక మాటకు అనేక పనులుండడం వాళ్ళకు కొత్తగా అనిపించదు. మన నిఘంటువులకూ ఇక్కడ బాధ్యత ఉంది. సి. పి. బ్రౌన్ తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును 1852లో, అంటే రోజే పుస్తకం వచ్చిన సంవత్సరంలోనే వెలువరించాడు. జనం వాడుకలోంచీ కావ్యాల్లోంచీ ఉదాహరణలు ఏరి అర్థాల పక్కన చేర్చాడు. నేడు బడి పిల్లల చేతికిచ్చే చిన్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో రన్ దగ్గర పరుగెత్తు, పారు, కారు, నడుపు, ఆడు, దిగు అని ఆరు తెలుగు క్రియలుండాలి. ఒక్కొక్కదాని పక్కన మనిషి, నది, ముక్కు, హోటలు, సినిమా, చీర రంగు అని ఆ క్రియ ఎవరితో కలిసి వస్తుందో ఉండాలి. పేజీలో అదనంగా అరడజను పంక్తులు పడతాయి.